సెన్సర్లు ఎక్కడ పెట్టాలో ముందు తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగిన తరువాత, చెరువులకూ నాలాలకూ నీటిమట్టం కొలిచే సెన్సర్లు కావాలన్న మాట తరచూ వినిపిస్తోంది. ఎన్ని కావాలన్న చర్చే తప్ప ఎక్కడ పెట్టాలన్న చర్చ పెద్దగా లేదు. కరెంటు స్తంభమూ ప్రహరీ ఉన్న చోటు అమర్చేవారికి అనుకూలమే గానీ, అక్కడి కొలతతో మనకు తెలిసేదెంత?

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు మత్తడి (అలుగు) దుంకిన నీళ్లే కింది చెరువుకు చేరతాయి కనుక ఒకచోటి కొలత మరోచోటి సంగతి కొంత చెబుతుంది. ఇలా క్షణక్షణం మారే వ్యవస్థలో కొన్ని కొలతల నుంచి మిగతా స్థితిని రాబట్టగలమా లేదా అని తేల్చే గణితాన్ని ఇంజినీరు, గణితజ్ఞుడు రుడాల్ఫ్ కాల్మన్ 1960లోనే అందించారు. ఆ లెక్కన ఒకే కట్టమీద రెండో సెన్సరు పెడితే, మొదటిది చెడినప్పుడు అక్కరకొస్తుందేమో గానీ, కొత్త సమాచారమేమీ ఇవ్వదు.

నాలా మీది కల్వర్టునే తీసుకుందాం. ఎగువన ఒక్క సెన్సరే ఉంటే, మట్టం పెరగగానే వరద వస్తోందనుకుంటాం. నిజానికి గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త గొట్టాలకు అడ్డుపడి ఉండవచ్చు. దిగువన మరొకటి ఉంటే, రెండుచోట్లా పెరిగినప్పుడు వరద అనీ, పైన పెరిగి కింద తగ్గినప్పుడు అడ్డంకి అనీ తెలుస్తుంది. మొదటి దానికి జనాన్ని తరలించాలి, రెండో దానికి జేసీబీని పంపాలి. మత్తడి దగ్గర చిక్కు వేరు: పైనుంచి పారే నీటి ఎత్తు 30 సెంటీమీటర్ల నుంచి 40కి చేరితే ప్రవాహం సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది కాబట్టి, అలల తాకిడికి కొలత కాస్త తప్పినా లెక్క బాగా చెడుతుంది.

అన్నిటికన్నా దిగువన పెట్టిన సెన్సరు ఎంత కచ్చితంగా కొలిచినా, హెచ్చరించే వ్యవధి మిగల్చదు. 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. అటువంటి రాత్రి ఊరి పక్క కొలత కన్నా ఎగువ వానమాపకమే ఎక్కువ పనికొస్తుంది.

కాబట్టి టెండరు పిలవకముందే, ఆ రెండు వరదల్లో ఇళ్ల గోడలమీద పడిన నీటి చారల ఎత్తులను సేకరించి, నాలాల నమూనాను కంప్యూటర్‌లో నడిపి, ఏ చోటి సెన్సరు లేకపోతే అంచనా ఎంత దెబ్బతింటుందో చూసి స్థలాలు నిర్ణయించాలి. ఎన్ఐటీ మన ఊళ్లోనే ఉంది, ఈ పని అక్కడి ఆచార్యులకూ విద్యార్థులకూ అప్పగించవచ్చు. ఎంచిన స్థలాల పటాన్ని, ఎంచిన కారణాలతో సహా, వానాకాలానికి ముందే ప్రజల ముందు పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఇంజినీరు, హనుమకొండ