టావోలు నేర్పితే సరిపోదు, విప్పి చూపాలి

సంపాదకులు గారికి,

వేసవి శిబిరాలు ముగిసే రోజుల్లో అనంతపురంలో ఏ మైదానం చూసినా చైనా యుద్ధవిద్య వుషు ప్రదర్శనలే. పిల్లలు టావోలు, అంటే వరస తప్పకుండా చేయాల్సిన కదలికల కూర్పు, చేసి చప్పట్లు కొట్టించుకుంటారు. ఇదంతా డ్యాన్సేనని కొందరు కొట్టిపారేస్తారు. మావాడికి అయిదు టావోలు వచ్చని తల్లిదండ్రులు మురిసిపోతారు. రెండింటికీ కారణం నేర్పే తీరే.

1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం యాంగ్ శైలి నుంచి కూర్చిన 24 కదలికల తైచీ (నెమ్మదిగా చేసే వుషు) టావోలునే తీసుకోండి. మొదట్లోనే 'అడవి గుర్రం జూలు పాయ తీయడం' వస్తుంది. ముందు మడమ ఆనించి, తర్వాతే ఆ కాలి మీదికి బరువు తేవాలి. రెండు మడమల మధ్య అడ్డంగా 10 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. చాలామంది పిల్లలు రెండు కాళ్లూ ఒకే గీత మీద పెడతారు. దాంతో నడుము తిరగదు, చెయ్యి భుజం బలంతో లేస్తుంది. గాలిలో చేసినంత కాలం ఆ తప్పు పట్టుబడదు. ఎదుట ఒకరిని నిలబెట్టి, అతని మణికట్టు పట్టుకుని, ముందుకాలు అతని కాలి వెనక పెట్టి, ముంజేతిని చంక కిందుగా పోనిచ్చి నడుము తిప్పమనండి. ఎడం సరిగ్గా ఉంటే అతను వెనక్కి తూలతాడు. లేకపోతే తూలేది మనవాడే. ఒక్కసారికే విషయం బోధపడుతుంది. కింద మ్యాట్ తప్పనిసరి.

ఆర్భాటపు కదలికల మీద విమర్శ కొత్తదేం కాదు. 16వ శతాబ్దంలో చైనాను ఏలిన మింగ్ వంశపు సేనాని చీ జిగువాంగ్ చూపులకు బాగుండే విద్యలు యుద్ధంలో అక్కరకు రావని సైనికులను హెచ్చరించాడు. అయినా కాళ్లూ చేతులూ చురుగ్గా అలవాటు పడడానికని తన గ్రంథంలో 32 ముష్టి భంగిమలు చేర్చాడు. ఆ రెండు మాటలూ కలిపే చదువుకోవాలి.

పోటీల వల్ల ఇంకో చిక్కు వచ్చింది. చేతులూ కాళ్లూ బారుగా చాపి చేసే ఛాంగ్‌చువాన్ అనే వుషు శైలిలో కనీసం 1 నిమిషం 20 సెకన్లు చేయాలి. 10 మార్కుల్లో కదలికల నాణ్యతకు 5, మొత్తం ప్రదర్శనకు 3, కఠిన విన్యాసాలకు 2. ఆ 2 కోసమే గెంతులు ముందు నేర్పేస్తున్నారు. మాబు అనే గుర్రపు భంగిమలో తొడలు నేలకు సమంగా దించి, మోకాళ్లు లోపలికి వాలకుండా అర నిమిషం నిలవలేని పిల్లలు గెంతి దిగితే మోకాలు మెలిపడుతుంది. భంగిమలో అలసి మోకాళ్లు వాలుతుంటే కాస్త పైకి లేవమనాలి, ఓర్చుకోమనకూడదు.

మన పల్లెల్లో పీర్ల పండుగ కర్రసాములో ఒంటరిగా కర్ర తిప్పడంతో ఆగరు, జోడీ కట్టి కర్రకు కర్ర తగిలిస్తారు. వుషులోనూ జోడీ సాధన ఉంది, శిబిరాల్లోనే కనిపించదు. శిబిరానికి ఒక్క టావోలు చాలు. గంట తరగతిలో 20 నిమిషాలు భంగిమలకు, 20 టావోలుకు, 20 జోడీ సాధనకు ఇవ్వాలి. ముగింపు ప్రదర్శనలో ప్రతి పిల్లవాడి చేతా అందులోని ఏవైనా మూడు కదలికలు తోడు మనిషితో చేయించాలని శిబిరాల నిర్వాహకులను కోరుతున్నాం.

- వుషు శిక్షకులు, అనంతపురం