విమానం అద్దం సంగతి: జరిగింది జరిగినట్టు

ఆటోనగర్‌ల పది రోజుల నుంచి ఒక మాట తిరుగుతున్నది, మన పెయింటు, పాలిష్ షాపోళ్ళు విమానం అద్దం పాడు చేసిన్రట అని. సగం నిజమే. మీ హెడ్‌లైట్లు, హెల్మెట్ వైజర్లు, బుల్లెట్ల విండ్‌షీల్డులు మా చేతిల పెట్టిపోతున్నరు కాబట్టి మిగతా సగం మీకు మా నోటి నుంచే తెలవాలె.

అది ఒక ఇంజినీరింగ్ కాలేజీ విమానం. రెండు సీట్లది, పాతది. పిల్లలు విప్పి చూసి నేర్చుకునేటందుకు షెడ్డుల పెట్టిన్రు, ఎగిరేది కాదు. బయటి పెయింటింగ్ పని మాకొచ్చింది. తెల్ల టూ-ప్యాక్ పీయూ (గట్టిపరిచే మందు కలిపి కొట్టే పాలీయురేథేన్ పెయింటు) కొట్టినం. ముందు అద్దం మీద గన్ను నుంచి ఎగిరిన పెయింటు తుంపర పడ్డది. తీసినం, అద్దం దాదాపు మొత్తం తేటగ అయింది. కుడి దిక్కు కింది మూలకు అరచెయ్యంత జాగల మాత్రం సన్న పగుళ్ళు వచ్చినయి. అవి పోవు. కొత్త అద్దం ఖర్చు మేమే పెట్టుకుంటున్నం. "అద్దం పగలగొట్టిన్రు", "పైసలు ఎగ్గొట్టిన్రు" అన్నవి ఉత్త మాటలు.

తుంపర పడ్డది మాత్రం పూర్తిగ మా తప్పే. అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుకు ఒక్క వరస టేపు వేసినం. ఫ్రేము మీద పాత వాక్స్ ఉండె, టేపు సరిగ్గ పట్టలే. గన్ను గాలికి అంచు లేచింది, పొడి లోపలికి పోయి కూసున్నది. మా పాత గన్ను 45 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి మీద నడుస్తది. హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి) గన్నుకు మూతి దగ్గర గాలి 10 పీఎస్‌ఐ దాటదు, తుంపర చానా తక్కువ. ఇప్పుడు అదే వాడుతున్నం. అంచుకు సన్న టేపు, దాని మీద గోధుమరంగు క్రాఫ్ట్ పేపరు రెండు పొరలు, ఆ పైన ప్లాస్టిక్. న్యూస్‌పేపరు వద్దు, తడి పెయింటు దాంట్లకెల్లి ఇంకుతది. టేపు కూడ అదే రోజు పీకెయ్యాలె. మన ఎండకు రెండు రోజులుంటే జిగురు కాలి అద్దానికే అతుక్కుంటది.

అద్దం అంటున్నం గని అది గాజు కాదు, అసలు తిరకాసు అక్కడనే ఉన్నది. చిన్న విమానాలకు ముందు ఉండేది అక్రిలిక్. మన సైన్‌బోర్డు షాపులల్ల దొరికే రకమే, కాకపోతే దాని నాణ్యత వేరు, మందం చాలావాటికి మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల దాక ఉంటది. గాజు మీద పెయింటు పడితే థిన్నరు గుడ్డ పెట్టి తుడుస్తరు, బ్లేడుతోని గీకుతరు, ఏం కాదు. అక్రిలిక్ మీద అదే పని చేస్తే అయిపోయినట్టే. థిన్నరు, అసిటోను, టోలీన్, పెట్రోలు, స్పిరిటు, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనరు, ఏదీ తగలొద్దు. కొన్ని తగిలిన నిమిషంలనే తెల్లగ మసక చేస్తయి. కొన్ని ఆ పూట ఏం చెయ్యనట్టే ఉండి మరుసటి రోజు పగుళ్ళు చూపిస్తయి. వంచి బిగించిన అక్రిలిక్ లోపల ఎప్పుడూ లాగుడు ఉంటది. ద్రావకం ఆ లాగుడు ఉన్నకాడ పొరల మధ్యకు దూరి వెంట్రుక లెక్క చీలుస్తది. దీన్నే క్రేజింగ్ అంటరు. ఎదురుంగ చూస్తే కనబడదు. ఎండ పక్కనుంచి పడ్డప్పుడు వెండి పోగుల లెక్క మెరుస్తది.

తుంపర ఎట్ల తీసినమో చెప్తం. ఎందుకంటే ఈ పద్ధతి మీ బండి విండ్‌షీల్డుకూ అదే, చాలమంది ఇంట్ల తప్పుగ చేస్తున్నరు. ముందు నీళ్ళు ధారగ పోసి దుమ్ము కొట్టుకపోనియ్యాలె, పొడిగుడ్డ ముట్టించొద్దు. పొడిగ తుడిస్తే దుమ్మే గరుకు కాగితం అయితది, పైంగ రుద్దుడుకు అక్రిలిక్ మీద స్టాటిక్ కరెంటు పుట్టి ఇంకింత దుమ్మును గుంజుకుంటది. లీటరు నీళ్ళల్ల రెండు మూడు మిల్లీలీటర్ల కారు షాంపూ చాలు. గుడ్డ కన్నా ఉత్త చెయ్యి మేలు, ఉంగరాలు తీసెయ్యాలె. బోరు నీళ్ళు వాడితే ఆరినంక తెల్ల మరకలు పడతయి, చివరి కడుగుడుకు ఫిల్టరు నీళ్ళు పట్టుకోండ్రి.

టూ-ప్యాక్ పెయింటు పూర్తిగ గట్టిపడటానికి వారం పడతది. మేం చూసింది తెల్లారి, అంటే కొట్టినంక పద్నాలుగు గంటలకు. తుంపర అంటే తడి చుక్క కాదు, గాలిలనే సగం ఆరి వచ్చి కూసున్న పొడి. అందుకే లోపలికి పట్టదు, పైన రవ్వ లెక్క గరుకుగ తగులుతది. దాన్ని కరిగించే పని లేదు, లేపితే చాలు. దానికి క్లే బార్ ఉంటది, అంటే మురికిని లేపే మెత్తటి మట్టి ముద్ద, సన్న రకం. మెత్తగ పిసికి, అరచేతిల బిళ్ళ లెక్క చేసి, షాంపూ నీళ్ళు ధారాళంగ చల్లి, అడుగు చదరం జాగ ఒక్కొక్కటి చొప్పున పోవాలె. వేళ్ళ బరువే బరువు, నొక్కొద్దు. నిలువుగ, అడ్డంగ తిప్పాలె గని గుండ్రంగ తిప్పొద్దు. గుండ్రటి గీత ఏ దిక్కు నుంచి ఎండ పడ్డా మెరుస్తది, నిలువు గీత ఒక్క దిక్కే. మొదట గరగర అంటది, తుంపర లేచినకొద్దీ చప్పుడు ఆగుతది. ఆగినంక ఇంకా రుద్దొద్దు. ప్రతి జాగకు క్లే మడిచి కొత్త ముఖం తీసుకోవాలె. కింద పడితే పారెయ్యాలె, ఖరీదైందని కడిగి మళ్ళ వాడొద్దు. ఒక్క ఇసుక రేణువు చాలు గీతలు పెట్టటానికి.

ఇట్ల అద్దంల ముప్పావు వంతు తేట అయింది. మిగిలింది అంచుల పొంటి దట్టంగ పడ్డకాడ. అక్కడ నాఫ్తా (మెత్తటి పెట్రోలియం ద్రావకం) వాడాలె. మెత్తటి బనీను గుడ్డ తడిపి, పిండి, ఒక్కసారి ఒత్తి తీసి, మడత మార్చి, వెంటనే సబ్బునీళ్ళతోని కడగాలె. నాఫ్తా మంచిదైతే అక్రిలిక్‌ను ఏమనదు. పాత విమానాల మాన్యువళ్ళల్ల కూడ నూనె, గ్రీజు మరకలకు ఇసుమంటి మెత్తటి పెట్రోలియం ద్రావకమే చెప్తరు, థిన్నరు, అసిటోను, పెట్రోలు వద్దంటరు.

ఇగ డబ్బా సంగతి. ఇక్కడ మాకు మండుతది.

నాలుగేండ్ల నుంచి ఒక్క వ్యాపారి దగ్గరనే నాఫ్తా తెప్పిస్తున్నం. ఐదు లీటర్ల డబ్బా. ఈసారి వచ్చిన డబ్బా మీద పేరు సరిగ్గనే ఉన్నది, సీలు సరిగ్గనే ఉన్నది. లోపల ఉన్నది మాత్రం నాఫ్తా ఒక్కటే కాదు. నాఫ్తా లైటర్ల పోసే నూనె వాసన వస్తది. ఇది గోళ్ళ రంగు లెక్క ముక్కు చీల్చే వాసన. తుడిచిన ఐదు నిమిషాలకు ఏం కనబడలే. తెల్లారి షెడ్డు తలుపు తీస్తే ఎండ పక్కనుంచి పడ్డది, మూలకు వెండి పోగులు. ఆ మూలనే ఎందుకంటే అద్దం వంపు అక్కడ ఎక్కువ, స్క్రూల బిగింపు అక్కడనే, తుంపర దట్టంగ ఉండి తడిగుడ్డ ఎక్కువసేపు ఆనింది కూడ అక్కడనే. మూడూ ఒక్క జాగల కలిసినయి.

అనుమానంతోని ఊరుకోలే, పరీక్ష చేసినం. మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ పట్టీలు రెండు, అంగుళం వెడల్పు, అడుగు పొడుగు. పీవీసీ పైపు మీద విల్లు లెక్క వంచి రెండు కొసలు కట్టినం. ఒకదాని వీపు మీద ఈ డబ్బాది తుడిచినం, రెండోదాని మీద పాత డబ్బా అడుగున మిగిలింది తుడిచినం. మొదటిది పది నిమిషాలల్ల అడ్డంగ చీలికలు పట్టింది. రెండోది పొద్దుగూకే దాక వంచే ఉంచినం, ఒక్క గీత లేదు. వీడియో తీసి పంపినం. జవాబు ఏం వచ్చింది? "డ్రమ్ముల నుంచే నింపినం, మీరే ఏదో కలిపి ఉంటరు." మళ్ళ అడిగితే, "ఒక్క డబ్బా వాపస్ తీసుకుంటం, అద్దంతోని మాకు సంబంధం లేదు." ఆ మాటకు కూడ ఓర్చుకున్నం. ఆఖరుకు ఇంకొక మాట అన్నడు: "పెయింటు కొట్టేటోళ్ళకు థిన్నరుకూ నాఫ్తాకూ తేడా ఎందుకు సారూ?" ఆ తేడా తెలిసే నాలుగేండ్లు వాళ్ళ దగ్గర కొన్నం. డబ్బా వాపస్ ఇయ్యలే. సీలుతోని సహా షాపుల పెట్టినం. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయం, అడిగినా చెప్పం. ఆళ్ళ దగ్గర ఇంకో డబ్బా మాత్రం కొనేది లేదు.

అయితే మా తప్పు మేం ఒప్పుకోవాలె. మూత తీసినప్పుడు వాసన చూస్తే తెలిసేది. పట్టీ పరీక్షకు పది నిమిషాలు పట్టేది. నాలుగేండ్ల నమ్మకం అని రెండూ చెయ్యలే. ఇప్పటి నుంచి ఎవలి దగ్గర కొన్నా ప్రతి డబ్బాకు పట్టీ పరీక్ష అయినంకనే అది పని బల్ల మీదకు వస్తది, ఆ పట్టీ మీద తారీఖు రాసి గోడకు వేలాడదీస్తం.

మూడు రాత్రులు నిద్ర లేకుండ చేసింది మాత్రం డబ్బా కాదు. ఆ అరచెయ్యంత జాగను ఏం చెయ్యాలె అన్నది. కాలేజీ సారు మంచిగనే అన్నడు, "గరుకు కాగితం పెట్టి రుద్ది పాలిష్ కొట్టుండ్రి, కనబడకుంటే చాలు" అని. పని మాకు రానిది కాదు. మైక్రోమెష్ అనే సన్న గరుకు గుడ్డలు 1500 నుంచి 12000 దాక తొమ్మిది నంబర్లు, ఒక్కో నంబరుకు దిక్కు మార్చి, ముందటి గీతలు పూర్తిగ పోయినంకనే తర్వాతదానికి పోవాలె. (ఆ 1500, మామూలు నీళ్ళ కాగితం 1500 ఒకటి కాదు. మైక్రోమెష్‌దే ఎక్కువ గరుకు. ఇంట్ల ప్రయోగాలు చేసేటోళ్ళు యాదికి పెట్టుకోండ్రి.) ఆఖరుకు మెగ్యార్స్ కంపెనీ ప్లాస్టిక్ క్లీనరు 17, దాని మీద ప్లాస్టిక్ పాలిష్ 10. రోజున్నర పని. చూడటానికి అద్దం మెరిసేది.

కాని గీత వేరు, క్రేజింగ్ వేరు. గీతకు అడుగు కనబడతది. క్రేజింగ్ ఎంత లోతు పోయిందో పైనుంచి తెలవదు. మూడు మిల్లీమీటర్ల అద్దంల అర మిల్లీమీటరు ఒక్కదగ్గర తీస్తే అక్కడ గుంట పడి కంటద్దం లెక్క అయితది, గళ్ళ కాగితం వెనుక పెట్టి చూస్తే గీతలు వంకర పోతయి. వంకర రాకుండ చుట్టూ వెడల్పుగ తీస్తే అద్దమే పల్చబడతది. మెషిన్ పెట్టి రుద్దితే ఇంకో తిప్పలు, నూరు డిగ్రీల దగ్గర అక్రిలిక్ మెత్తబడతది, ఒక్కకాడ బఫ్ ఆగితే అంత వేడి పుట్టడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంక ఉత్త పాలిష్ కొడితే ఆ మందు పగుళ్ళల్ల నిండి నెల రోజులు కనబడదు, తర్వాత మళ్ళ బయటపడతది.

అది ఎగిరేది కాదు గదా, ఎవలి పాణానికి ముప్పు అన్నరు. నిజమే. కాని ఆ విమానం చుట్టూ నిలబడేది రేపు నిజం విమానాలు చూసే పిల్లలు. పగుళ్ళను మెరుపు కింద దాచొచ్చు అని ఆళ్ళకు చూపించే పని మా షాపు చెయ్యదు. మొండితనం అన్నరు. కావచ్చు. పాలిష్ చెయ్యలే, కొత్త అద్దం ఒప్పుకున్నం. ఆ విమానానికి సరిపోయే ఆకారంల తయారైన ముక్క రావాలె, ఆలస్యం అయితది. అప్పటిదాక పాతదే ఉంటది, పగుళ్ళ చుట్టూ స్కెచ్ పెన్నుతోని గీసి.

ఇగ మీ సామాన్ల సంగతి. కార్ల హెడ్‌లైట్లు అక్రిలిక్ కాదు, పాలీకార్బొనేట్, పైన గట్టి పూత ఉంటది. దెబ్బకు అది గట్టిది గని గీతలు తొందరగ పడతయి, ద్రావకాలకు అదీ భయపడతది. పూత ఒకసారి పోతే మళ్ళ యూవీ పూత వెయ్యకుండ ఇస్తే కొన్ని నెలలల్లనే పసుపు పడతది, కాబట్టి పూత లేకుండ పాలిష్ ఒక్కటే చెయ్యమంటే చెయ్యం. హెల్మెట్ వైజరు మీద పెయింటు పడితే సబ్బునీళ్ళు, ఆ తర్వాత క్లే. దానికీ పోకుంటే కొత్తది కొనమని చెప్తం, పైసలు తీసుకోం. విండ్‌షీల్డు ఏ ప్లాస్టిక్కో తెలవకుంటే దాన్ని అక్రిలిక్ అనుకొనే పని మొదలువెడతం.

పెయింటు, పాలిష్ ఇంక ఒక్క కప్పు కింద ఉండవు. పాలిష్ బల్ల పక్క షెడ్డుకు మారింది. పెయింటు కొట్టే రోజుల్ల ఆ షెడ్డు షట్టరు దించే ఉంటది, దాంతోని హెడ్‌లైట్ పని ఒక్క రోజుది రెండు రోజులు అయితది. రేట్లు పెంచలే. ఈ పది రోజులల్ల బండ్లు ఇచ్చినోళ్ళు భయపడకండ్రి, ఆ డబ్బా విమానం అద్దం తప్ప దేనికీ వాడలే. అయినా అనుమానం ఉంటే బండి తెండ్రి, ఎండల పెట్టి పక్కనుంచి కలిసి చూద్దాం.

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుల మళ్ళ విమానాలు దిగుతయని వార్తలొచ్చినప్పటి నుంచి "ఇగ మీకు విమానాల గిరాకీ" అని పరాచికాలు ఆడుతున్నరు కొందరు. ఎగిరే విమానం అద్దం మేం ముట్టం. లైసెన్సు ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీరు చూసి సంతకం పెట్టే పని అది, బండ్ల షాపుది కాదు.

చీలిన పట్టీ, చీలని పట్టీ రెండూ క్యాష్ కౌంటర్ పక్కన మేకుకు ఉన్నయి. చేతిల పట్టుకొని ఎండకు తిప్పి చూడొచ్చు. ఆదివారం బందు, మిగతా రోజులు పొద్దుగాల పది నుంచి.