ఒడియా పుస్తకం, తెలుగు అమ్మ

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా పాప మూడో తరగతి. నాకు ఒడియా మాట వచ్చుగానీ అక్షరం రాదు. అందుకే వంటయ్యాక పాఠం పేజీ ఫొటో తీసి ఏఐకి ఇస్తున్నాను, తెలుగులో చెబుతోంది. పాప పేరున్న లేబుల్ మాత్రం ఫొటోలో పడనివ్వను. మొన్న 'గొఛొ' అంటే 'వృక్షము' అంది. పాప బిక్కమొహం వేసింది. 'చెట్టేనమ్మా' అని నేనంటే 'ఓ, చెట్టా!' అని నవ్వింది. ఫోన్ దాని చేతికివ్వను, పక్కనే కూర్చుంటాను. చాట్‌జీపీటీ అనే ఏఐ నిబంధనల్లోనూ 13 ఏళ్లలోపు పిల్లలకు అనుమతి లేదు. మా వీధిలో తల్లులకు ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. మీ పిల్లల పేజీలో ఒడియా, తెలుగు మాటలు పక్కపక్కనే వేసి వారానికో చిన్న పాఠం ఇవ్వండి, కత్తిరించి దాచుకుంటాం.

– ఒక తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా