పరమవీర వేరు, పరమ విశిష్ట వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంటికి ఇరవై ఏళ్లుగా వస్తోంది, ఆ చనువుతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. పోయిన వారం ఒక రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్ గారి గురించి సగం పేజీ వేశారు. ఫోటో బాగుంది, రాసిన కుర్రాడెవరో గానీ మాట బాగుంది, అంతా బాగుంది. మధ్యలో ఒక్క చోట మాత్రం ఆయన ‘పరమవీర పతకం’ అందుకున్నారని రాసేశారు. నాకు తాగుతున్న టీ గొంతులో అడ్డం పడింది. కళ్లద్దాలు తుడుచుకుని ఫోటో మళ్లీ చూశాను. ఆయన ఛాతీ మీద మొదటి రిబ్బన్ పసుపు రంగుది, దాని మధ్యలో సన్నటి నీలం గీత ఒకటుంది. అది పరమ విశిష్ట సేవా పతకం. మేం పీవీఎస్ఎం అంటాం. పరమవీర చక్ర రిబ్బన్‌కి గీతలూ గట్రా ఏమీ ఉండవు, మొత్తం ఊదారంగే.

రెండిట్లోనూ ‘పరమ’ ఉంది కదా అని కలిపేస్తే ఎలాగండీ? 1947 నుంచి ఇప్పటిదాకా పరమవీర చక్ర వచ్చింది 21 మందికే, వాళ్లలో 14 మంది ఆ చక్రం చూసుకోకుండానే పోయారు. ఆ 21 మందిలో జనరల్ ఒక్కరు కూడా లేరు. అందరికంటే పెద్ద ర్యాంకు లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్ గారిది, ఆయన ఉద్యోగం మొదలుపెట్టింది మన హైదరాబాద్ సంస్థానం సైన్యంలోనే. 1965లో ట్యాంకుల యుద్ధంలో పోయారు. అంటే మీ వార్త నిజమైతే దేశం మొత్తం మీద మొదటి ‘పరమవీర జనరల్’ ఈయనే అయ్యుండాలి, అప్పుడు సగం పేజీ కాదు, మొదటి పేజీలో వేయాలి.

అసలు ఈ తికమకకి కారణం కూడా చెబుతాను. 1960లో విశిష్ట సేవా పతకం పెట్టినప్పుడు దాన్ని ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అనేవారు. 1967లో ఆ తరగతులు తీసేసి పరమ విశిష్ట, అతి విశిష్ట, విశిష్ట అని పేర్లు మార్చారు. రిబ్బన్ మీద గీతలు మాత్రం ఒకటి, రెండు, మూడు అని అలాగే ఉన్నాయి. ఒక్క గీత ఉన్నదే పెద్దది, లెక్క తిరగేసి చూసుకోవాలి. ఇవన్నీ సేవకి ఇచ్చేవి. తుపాకీ గుళ్ల మధ్య చూపించిన ధైర్యానికి ఇచ్చేవి వేరు: యుద్ధంలో అయితే పరమవీర, మహావీర, వీర చక్రలు, యుద్ధం కానప్పుడు అశోక, కీర్తి, శౌర్య చక్రలు. సేనా మెడల్ ఒక్కటే రెండు రకాలుగానూ ఇస్తారు, అక్కడ పొరబడితే నేనేమీ అనను, మా వాళ్లే పొరబడతారు.

‘మొత్తం 18 పతకాలు’ అని పక్కన బాక్స్ కూడా కట్టారు. నా దగ్గర అయిదున్నాయి సార్. ఒకటి తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసినందుకు, ఒకటి ఇరవై ఏళ్లు చేసినందుకు, ఒకటి 1997 ఆగస్టు 15న యూనిఫాంలో ఉన్నందుకు, అంటే స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిన రోజున నేను ఉద్యోగంలో ఉన్నాను, అంతకంటే ఏమీ చేయలేదు. మిగతా రెండు పంపించిన చోటికి వెళ్లి పని చేసినందుకు. మొన్న ఆగస్టు 15న ఊళ్లో స్కూలుకి పిలిస్తే ఆ అయిదూ బ్లేజర్‌కి తగిలించుకుని వెళ్లాను, నడుస్తుంటే గలగలమంటాయి, ఆ చప్పుడు నాకిష్టం, అబద్ధం ఎందుకు చెప్పాలి. గేటు దగ్గర ఫ్లెక్సీ చూస్తే నా ఫోటో కింద ‘పరమవీర జవాన్’ అని ఉంది! మేస్టారు పాపం పొంగిపోతున్నారు. నేను మైకు పట్టుకుని ముందు ఆ ముక్క సరిచేశాను. తరవాత ఆరో తరగతి పిల్లాడొకడు దగ్గరకొచ్చి ఒక పతకం పట్టుకుని, ‘తాతా, ఇది ఎవర్ని చంపినందుకు?’ అన్నాడు. తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసినందుకురా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, ‘మా నాన్న పద్నాలుగేళ్ల నుంచి లారీ నడుపుతున్నాడు’ అన్నాడు. నాకు సమాధానం దొరకలేదు.

జనరల్స్‌ని తక్కువ చేయడానికి ఇదంతా రాస్తున్నానని అనుకోవద్దు. శౌర్య పతకం వచ్చే వయసులో వాళ్లు కెప్టెన్లో మేజర్లో అయి ఉంటారు. బంగ్లాదేశ్ యుద్ధం నాటి ఆర్మీ చీఫ్ శామ్ మానెక్‌షానే చూడండి. 1942 ఫిబ్రవరిలో బర్మాలో సిట్టాంగ్ వంతెన దగ్గర ఆయన కెప్టెన్. మెషిన్‌గన్ తూటాలు ఒంట్లో దిగి పడిపోతే కోవన్ అనే పెద్ద అధికారి తన ఛాతీ మీదున్న మిలిటరీ క్రాస్ (అప్పటి బ్రిటిష్ వాళ్ల శౌర్య పతకం) రిబ్బన్ తీసి ఆయనకి గుచ్చేశారట, చచ్చిపోయాక ఆ పతకం ఇవ్వరు కాబట్టి. షేర్ సింగ్ అనే ఆర్డర్లీ, అంటే ఆయన సహాయకుడు, మోసుకుపోయి డాక్టర్ల ముందు పెట్టబట్టి బతికారు. ధైర్యానికి ఆయనకు వచ్చిన పతకం అదొక్కటే. తరవాత 1968లో పద్మభూషణ్, బంగ్లాదేశ్ యుద్ధం గెలిచాక 1972లో పద్మవిభూషణ్, 1973 జనవరిలో ఫీల్డ్ మార్షల్. రాష్ట్రపతి భవన్‌లో ఆ హోదా ఇచ్చింది మన వి.వి.గిరి గారే. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం చేత సంతకం పెట్టించిన అరోరా గారికి కూడా పరమ విశిష్ట సేవా పతకం, పద్మభూషణ్ వచ్చాయి గానీ ‘వీర’ అని పేరున్నది ఒక్కటీ రాలేదు. మన తెలుగువాడు, 1981 నుంచి 83 దాకా ఆర్మీ చీఫ్‌గా చేసిన కె.వి.కృష్ణారావు గారు అదే యుద్ధంలో సిల్హెట్ వైపు 8వ మౌంటెన్ డివిజన్‌ని నడిపించారు, ఆయనకు ఇచ్చిందీ పీవీఎస్ఎమ్మే. వేల మందిని నడిపించి యుద్ధం గెలిపించడం ఒక పని, నలుగురితో వెళ్లి ఎదుటి బంకర్ మీద పడడం ఇంకో పని. పతకాలు వేరుగా పెట్టింది అందుకే కదా.

ఇక పద్మ పురస్కారాల సంగతి. మీరు ఆ జనరల్ గారి పేరుకి ముందు ‘పద్మభూషణ్’ అని తగిలించారు. అలా రాయకూడదండీ. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదు, సైన్యానికీ చదువుకీ సంబంధించినవి తప్ప. పద్మలు బిరుదులు కావు, పేరుకి ముందూ వెనకా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మన సినిమా టైటిళ్లలో పేరుకి ముందు పద్మశ్రీ వేసుకున్న గొడవ హైకోర్టు దాకా వెళ్లిన సంగతి మీ పేపర్లోనే చదివాను! ఆయన పేరు చివర పీవీఎస్ఎం అని మాత్రం నిక్షేపంగా రాయొచ్చు. మీరు సరిగ్గా దాన్నే వదిలేసి, వద్దన్నదాన్ని రాశారు.

ఒక్క విషయంలో మాత్రం నాకు కొంచెం గుర్రుగానే ఉంటుంది. ఛాతీ మీద ఏది ముందు, ఏది వెనక అనే వరస ప్రభుత్వం పెట్టింది. అందులో పరమ విశిష్ట సేవా పతకం మహావీర చక్ర కంటే ముందుంది. ఎందుకలా పెట్టారో పెద్దవాళ్లకే తెలియాలి. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణం ఇచ్చి తెచ్చుకున్న మహావీర చక్ర, ఆఫీసులో నలభై ఏళ్లు మచ్చ లేకుండా చేసిన సర్వీసుకి ఇచ్చే పతకం కంటే వెనక వరసలో ఉండడం నా బుర్రకి ఎక్కదు. డబ్బు దగ్గర మాత్రం న్యాయంగానే చేశారు. 2017లో రెట్టింపు చేశాక పరమవీరకి నెలకు 20,000, మహావీరకి 10,000, వీర చక్రకి 7,000 ఇస్తున్నారు, విశిష్ట సేవకి పైసా లేదు. భారతరత్న అయితే సైనికుడెవరికీ ఇంతవరకు ఇవ్వనే లేదు, మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప గారికి ఇవ్వాలని రావత్ గారు ఆర్మీ చీఫ్‌గా ఉండగా 2017లో అడిగారు, అక్కడితో ఆగింది.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం, ఏ మూలనో రెండు లైన్లు వేసినా చాలు. ఆ జనరల్ గారే చదివి ఇబ్బంది పడి ఉంటారు, తనది కాని చక్రం ఛాతీ మీద ఉందంటే ఏ సైనికుడికీ బాగుండదు. ఈసారి ఇలాంటి ఫోటో వస్తే అచ్చుకి పంపే ముందు ఒక ఫోన్ కొట్టండి. మా ఏజెంటు దగ్గర నా నంబరుంది, రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను. ఫోటో మాత్రం కలర్లో పంపండి, బ్లాక్ అండ్ వైట్‌లో అయితే నాకూ గీతలు కనపడవు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
తాడేపల్లిగూడెం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా