ఆదివారం 10కి సెల్లార్‌లో కలుద్దాం: రౌటర్, ప్రింటర్ తిప్పలు

అందరికీ నమస్కారమండీ!

నెట్ వాళ్లు చెప్పాపెట్టకుండా ప్లాన్ మార్చి, కొత్త రౌటర్లు బిగించి పోయారు కదా, అప్పట్నుంచి మూడో అంతస్తు అక్క వాళ్ల ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని మొండికేసింది. నిన్న చూశాను. ప్రింటర్ తప్పేం లేదు, వైఫైలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని వేర్వేరు సిగ్నళ్లుంటాయి, పాత ప్రింటర్లు చాలావరకు 2.4నే పట్టుకుంటాయి, వీళ్లేమో 5 ఒక్కటే ఆన్ చేసిపోయారు. 2.4 కూడా ఆన్ చేసి, పాత వైఫై పేరు, పాస్‌వర్డే మళ్లీ పెట్టేసరికి టీవీతో సహా అన్నీ వాటంతటవే కలిశాయి.

మిగతా ఇళ్లవి ఆదివారం పొద్దున చూద్దాం. ల్యాప్‌టాప్, ఛార్జర్, రౌటర్ వెనక స్టిక్కర్ ఫోటో తెచ్చుకోండి. రౌటర్ పీక్కొని రావద్దు మహాప్రభో! దాని వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చారంటే సెట్టింగులన్నీ పోతాయి.

విండోస్ 10 ఉన్నవాళ్లూ రండి, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది. 11 ఎక్కుతుందో లేదో చూద్దాం, ముందు ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోపు ఫ్లాట్ నంబర్ పెట్టండి. కొండ మీద దర్శనం టికెట్లు వదిలే రోజు ‘అన్నా, నెట్ రావట్లేదు’ అని ఫోన్ చేస్తే నేనేం చేయలేను 😄

కంపెనీ నుంచి అని ఎవరు ఫోన్ చేసినా ఓటీపీ మాత్రం చెప్పకండి.