సర్వే ఏ నెలలో జరిగిందో కూడా చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. గనికో, పరిశ్రమకో పర్యావరణ అనుమతి కోరుతూ ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడల్లా, ఆ ప్రాంతంలోని జీవజాతుల పట్టీ ఒకటి నివేదిక చివర అనుబంధంగా కనిపిస్తుంది. పట్టీలో ఏ జాతులు ఉన్నాయన్నదానిపై అప్పుడప్పుడు చర్చ జరుగుతుంది గాని, ఆ సర్వే ఏ నెలల్లో జరిగింది, ఎన్ని రాత్రులు తిరిగారు, ఎక్కడ వెతికి ఏమీ కనబడక తిరిగివచ్చారు అని అడిగేవారు అరుదు. తూర్పు కనుమల విషయంలో ముందుగా అడగవలసినవి ఈ ప్రశ్నలేనని నా అభిప్రాయం.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ అమలులో, చాలా రకాల ప్రాజెక్టులకు వానాకాలం కాని ఏదో ఒక ఋతువు వివరాలు సమర్పిస్తే సరిపోతున్నది. గాలిలోని దుమ్మును కొలవడానికి ఈ పద్ధతి సబబే కావచ్చు. ప్రాణుల లెక్కకు మాత్రం ఇది పూర్తిగా తలకిందులు. కప్పలు బయటికి వచ్చి అరిచేది వానల్లో. గడ్డిమైదానాల్లో నేల నెమలి (లెస్సర్ ఫ్లోరికన్ అనే పక్షి) జతకట్టేది వానల్లో. మార్చి నెలలో కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డిమైదానం వంటి చోటికి వెళ్ళినవారికి ఎండిన గడ్డి, నాలుగు జింకలు కనిపిస్తే, నివేదికలో చేరేది కూడా అంతే.

రోళ్లపాడు పేరు ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980లలో అక్కడే మకాం వేసి ఆ పక్షిని గమనించారు కాబట్టి, తరువాత అది తగ్గిపోయిన సంగతి మనకు తెలిసింది. అలా ఎవరూ లెక్కపెట్టని మైదానాల్లో ఏవి పోయాయో చెప్పే ఆధారమే లేదు. రెవెన్యూ రికార్డుల్లో బంజరుగా నమోదైన ఇలాంటి భూములే నేడు సౌర విద్యుత్ కేంద్రాలకు మొదటి ఎంపిక అవుతున్నాయి. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల వద్ద వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఇప్పటికే నడుస్తున్నది. సౌర విద్యుత్తు అవసరాన్ని నేను కాదనడం లేదు. అయితే ఈ కేంద్రాలకు ఆ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కరలేదు కనుక, అరకొర సర్వే అయినా చేయవలసిన బాధ్యత ఎవరి మీదా పడదు.

సరైన సర్వే ఎలా ఉంటుందో చూడాలంటే కడప జిల్లా లంకమల కొండలకు రావాలి. పక్షిశాస్త్రవేత్త జెర్డాన్ కనుగొనగా 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివి కోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనిపించుకుంది. 1986 జనవరిలో అది మళ్ళీ దొరికింది. స్థానిక వేటగాడి సాయం లేకపోతే బొంబాయి సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఆ పక్షిని చేరగలిగేవారు కారు. అది రాత్రి తిరిగే పక్షి. పగటిపూట బైనాక్యులర్లు మెడలో వేసుకొని ఎన్నేళ్ళు తిరిగినా ఫలితం ఉండదు. తరువాతి పరిశోధకులు పొదల మధ్య సన్నమట్టి పరిచి పాదముద్రలు సేకరించారు, రికార్డు చేసిన కూతను వినిపించి జవాబు కోసం చెవులొగ్గారు, ఆటోమేటిక్ కెమెరాలు అమర్చారు. పాదముద్రలు పడని చోట్లను కూడా అంతే శ్రద్ధగా రాసుకున్నారు. ఆ పక్షికి కావలసింది మరీ దట్టమూ మరీ పలచనా కాని పొదల నేల అని తేలింది ఈ శ్రమవల్లనే. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ నేలలోకి వచ్చినప్పుడు, చేతిలో గట్టి ఆధారాలు ఉన్నందువల్లనే కాలువ మార్గం మార్చగలిగారు.

ఉత్తరాన విశాఖ కొండల కథ వేరు. బొంబాయి సొసైటీ 1930 ప్రాంతంలో వెర్నే సర్వే పేరుతో తూర్పు కనుమల పక్షులను సేకరించింది. తరువాత 1980లలో అమెరికన్ పక్షిశాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్, మన విశాఖపట్నం పక్షిశాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు కలిసి విశాఖ కనుమల పక్షులను అధ్యయనం చేశారు. ఈశాన్య భారతంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే ఆబట్స్ బాబ్లర్ అనే పిట్ట ఇంత దూరంలో, ఈ తేమ అడవుల్లో, విడిపడి బతుకుతున్నదని వెల్లడైంది. ఇక్కడి ఉపజాతికి కృష్ణరాజు పేరే పెట్టారు. (మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎందుకు లేదో నాకు అర్థం కాదు.) ఆ స్థలాలకే, ఆ ఋతువుల్లోనే, ఆ పద్ధతుల్లోనే తిరిగి వెళితే, కాఫీ తోటలు, రోడ్లు, గనులు వచ్చాక ఆ కొండల్లో ఏమి మారిందో పోల్చి చెప్పవచ్చు. సర్వేను వేరే దారిలో, వేరే నెలలో చేస్తే మరొక పట్టీ పెరుగుతుందే తప్ప పోలిక దొరకదు.

పులుల గణనకు మాత్రం ఈ క్రమశిక్షణ ఉంది. 2006 నుంచి నాలుగేళ్ళకొకసారి దేశమంతటా ఒకే పద్ధతిలో జరుగుతున్నది. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే సుమారు 3 కోట్ల 48 లక్షల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651 మాత్రమే. నల్లమలలో పెట్టే కెమెరాల ముందు నుంచి ఎలుగుబంట్లు, అలుగులు, పునుగు పిల్లులు కూడా నడుస్తాయి. ఆ ఫొటోల నుంచి మిగతా జంతువుల లెక్కలు తీసి, వేటగాళ్ళకు ఉపయోగపడే కచ్చితమైన స్థలాలు మినహాయించి, విశ్వవిద్యాలయాలకు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రతి పంచాయతీలోనూ స్థానిక జీవజాతులను నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టం కింద ఏర్పాటు ఉంది కదా అని కొందరు అనవచ్చు. 2020 జనవరి 31 లోగా పూర్తిచేయకపోతే జరిమానా తప్పదని జాతీయ హరిత ట్రిబ్యునల్ హెచ్చరించాక, గడువు తరుముతుండగా నింపిన రిజిస్టర్లు ఎంత నమ్మదగినవో పాఠకులే ఊహించగలరు.

రెండు రాష్ట్రాల జీవవైవిధ్య మండళ్ళకు నా విన్నపం ఇది. పాపికొండల వంటి తేమ అడవిలో, రోళ్లపాడు వంటి గడ్డినేలలో, లంబసింగి ఎగువ కొండల్లో, నల్లమలలో కొన్ని స్థిరమైన దారులను ఎంచుకొని, వానాకాలంతో సహా ప్రతి ఋతువులోనూ, రాత్రివేళ కూడా, కనీసం పదేళ్ళపాటు ఒకే పద్ధతిలో సర్వే జరిపించాలి. చెంచులు, యానాదులు, కొండరెడ్లలో అడవి తెలిసినవారిని దారి చూపే కూలీలుగా కాక, జీతం గల సర్వేయర్లుగా నియమించి, నివేదికలో వారి పేర్లు వేయాలి. ఏమీ కనబడని రోజుల వివరాలతో సహా మొత్తం సమాచారాన్ని తెలుగులో అందుబాటులో ఉంచాలి. ఈ పని వచ్చే వర్షాలకు ముందే మొదలుకావాలంటే, బడ్జెట్ కేటాయింపు ఈ ఆర్థిక సంవత్సరంలోనే జరగాలి.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కడప