నీకేం కావాలని మా అమ్మాయిని అడిగినవారికి

అందరికీ నమస్కారం.

మా అమ్మాయి అమెరికా సైన్యంలో మూడేళ్ళు పనిచేసి ఈ వేసవిలో బయటికి వచ్చింది. ఆ మూడేళ్ళ మధ్యలో, 2024 ఫిబ్రవరిలో, బ్యారక్స్‌లో తోటి సైనికుడొకడు ఆమెపై లైంగిక దాడి చేశాడు. ఆ రాత్రి నుంచి ఈ రోజు వరకు ఆమెకు, ఆమె వల్ల మాకు సాయపడిన వారందరికీ నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ ఉన్నాను. ఇది ఆమె అనుమతితో రాస్తున్నాను. రాసినదంతా ఆమె చేతికిస్తే పెన్ను పట్టుకుని వాక్యం వాక్యం చదివి, రెండు పేరాలు అడ్డంగా కొట్టేసి, మిగతాది పెట్టుకోవచ్చు అంది. కొట్టేసిన వాటిలో ఒకటి కేసు చివరికి ఏమైందన్నది. కాబట్టి దయచేసి ఎవరూ ఆ మాట అడగవద్దు. ఆమె పేరు, బేస్ పేరు, సాయపడిన వారి పేర్లు కూడా ఇందులో ఉండవు.

లైంగిక దాడి అన్న మాటను ఇంట్లో నోరు తెరిచి పలకడానికి నాకు నెల పట్టింది. అది వార్తాపత్రికల మాట. మన ఇళ్ళలో వాడే మాటలేమో అఘాయిత్యం, పాడుపని, మరీ పెద్దవాళ్ళయితే పిల్ల చెడిపోయిందని. తప్పు చేసినవాడు ఒకడైతే చెడిపోయినది ఇంకొకరు ఎలా అవుతారో మన భాషే చెప్పాలి. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పినప్పుడు ఎంత సూటిగా, తడబడకుండా చెప్పిందో, నేను దాన్ని తెనాలిలోని మా అమ్మకు తెలుగులో చెప్పబోయి అంతగా తడబడ్డాను.

మొట్టమొదటి కృతజ్ఞత ఆమె స్నేహితురాలికి. ఒకే ప్లటూన్, పక్క గది, అప్పటికి ఇరవై ఏళ్ళు నిండాయో లేదో. తెల్లవారుజామున మా అమ్మాయి తలుపు తడితే ఆ పిల్ల ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగలేదట. ముందు లోపలికి పిలిచి, దుప్పటి కప్పి, స్నానం చేయాలనిపిస్తోందా, కాసేపు ఆగగలవా అని మాత్రం అడిగిందట. సైన్యంలో లైంగిక దాడుల నివారణ గురించి ఏటా తప్పనిసరిగా ఒక తరగతి పెడతారు. అందులో సగం మంది కునుకు తీస్తారని, మిగతా సగం మంది జోకులు వేసుకుంటారని మా అమ్మాయే చెప్పేది. ఆ తరగతిలో ఈ పిల్ల మాత్రం విన్నది. స్నానం చేసినా, బట్టలు ఉతికినా ఆధారాలు పోతాయని, ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి చెబితే మాట బయటికి పొక్కకుండా ఉంటుందో ఆమెకు గుర్తుంది. నివారణ అంటే పెద్ద పెద్ద పోస్టర్లని, ఏప్రిల్ నెలలో నీలి ఆకుపచ్చ రిబ్బన్లు కట్టడమని అనుకునేదాన్ని. ఆ తరగతి వల్ల ఏం ప్రయోజనమని ఎవరైనా అంటే ఇప్పుడు నేను ఆ పిల్లను చూపిస్తాను.

రెండో కృతజ్ఞత ఆసుపత్రిలోని నర్సుగారికి. లైంగిక దాడి తర్వాత ఆధారాలు సేకరించే పరీక్షలు చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఫోరెన్సిక్ నర్సు ఆమె. పరీక్ష నాలుగు గంటలకు పైగా పట్టిందట. ప్రతి అడుగుకూ ముందు ఇప్పుడు ఇది చేయబోతున్నాను, చేయనా అని అడిగి, వద్దంటే అక్కడితో ఆపేస్తాను, మిగిలినది వదిలేయవచ్చు అని చెప్పేవారట. వేసుకున్న బట్టలను ఒక్కొక్కటిగా కాగితపు సంచుల్లో పెట్టారు. ప్లాస్టిక్ సంచిలో తేమ చేరి ఆధారాలు పాడవుతాయట. ఆ బట్టలు అక్కడే ఉండిపోయాయి కాబట్టి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన బూడిదరంగు స్వెట్ ప్యాంటు వేసుకుని మా అమ్మాయి బ్యారక్స్‌కు తిరిగి వెళ్ళింది. రెండు సైజులు పెద్దది. దాన్ని పారేయమని నేను రెండుసార్లు చెప్పాను. పారేయలేదు, ఇప్పటికీ వేసుకుంటుంది. మూడోసారి చెప్పకూడదని నాకే అర్థమైంది.

ఆ రాత్రి ఆసుపత్రికి వచ్చి తెల్లవారేదాకా పక్కనే కూర్చున్న విక్టిమ్ అడ్వకేట్ గురించి ఎంత రాసినా తక్కువే. అడ్వకేట్ అంటే ఇక్కడ లాయరు కాదు, బాధితులకు తోడుగా ఉండి సాయపడే మనిషి. ఆవిడ సార్జెంట్. ఇలాంటి అడ్వకేట్ల మీద ఒక కోఆర్డినేటర్ ఉంటారు. ఆ పదవిని అక్కడ సార్క్ అని పొట్టిగా పిలుస్తారు. మా అమ్మాయి ఫోన్‌లో సార్క్ ఆఫీసుకు వెళ్తున్నానంటే మావారు దక్షిణాసియా దేశాల కూటమి గుర్తొచ్చి అయోమయపడ్డారు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరైనా కాస్త నవ్వింది ఆ ఒక్కసారే. ఈ పనిలో ఉన్నవాళ్ళు కనీసం 40 గంటల శిక్షణ తీసుకుని, ధ్రువపత్రం పొంది ఉండాలి.

ఆ సార్జెంట్‌గారు చేసిన పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఒక ఫారం తీసి, అందులోని ప్రతి అంశాన్ని పైకి చదివి, అర్థమైందా అని అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టమన్నారు. ఫిర్యాదు రెండు రకాలుగా ఇవ్వవచ్చు. ఒకటి రిస్ట్రిక్టెడ్. అంటే వైద్యం, కౌన్సెలింగ్, అడ్వకేట్ తోడు, ఉచిత లాయరు అన్నీ అందుతాయి, కానీ బాధితురాలు ఎవరన్నది పై అధికారికి గానీ, దర్యాప్తు సంస్థకు గానీ చెప్పరు. పరీక్షలో తీసిన ఆధారాలను కూడా పేరు లేకుండా ఒక నంబరు వేసి భద్రపరుస్తారు. రెండోది అన్‌రిస్ట్రిక్టెడ్. అందులో దర్యాప్తు మొదలవుతుంది. మొదటి రకం నుంచి రెండో రకానికి ఎప్పుడైనా మారవచ్చు, రెండో దాని నుంచి వెనక్కి రాలేరు. ఈ పద్ధతి 2005 నుంచి ఉంది. నువ్వు ఈ రోజే తేల్చుకోనక్కర్లేదు, ఈ తలుపు మూసుకుపోదు అని ఆవిడ చెప్పిన మాట వల్లే తనకు ఆ రోజు నిద్ర పట్టిందని మా అమ్మాయి అంటుంది. ఆమె మొదటి రకం ఎంచుకుంది.

మాకు ఆ సంగతి మూడు వారాల తర్వాత తెలిసింది. వీడియో కాల్‌లో ఆమె చెబుతుంటే మావారు కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగి నిలబడ్డారు. కాల్ ముగియగానే ఆమె కమాండర్ నంబరు వెతకడం మొదలుపెట్టారు. నేను కూడా వద్దనలేదు. ఆడపిల్ల తండ్రిగా అడగాల్సింది అడగాలని మా ఇద్దరికీ అనిపించింది. ఎలా మాట్లాడాలో తెలియక ముందు సేఫ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం. సైన్యంలో లైంగిక దాడికి గురైన వారి కోసం రక్షణ శాఖ 2011లో పెట్టిన ఫోన్ లైను అది. నంబరు 877-995-5247. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పేరు చెప్పనక్కర్లేదు, కుటుంబ సభ్యులు కూడా మాట్లాడవచ్చు. నడిపేది సైన్యం కాదు, రెయిన్ అనే స్వచ్ఛంద సంస్థ. ఆ రాత్రి ఎత్తిన అబ్బాయి గొంతు చాలా చిన్న వయసు గొంతు. మావారి కోపమంతా ఓపిగ్గా విని, కమాండర్‌తో మాట్లాడమని మీ అమ్మాయి మిమ్మల్ని అడిగిందా అని ఒక్క ప్రశ్న వేశాడు.

అడగలేదు. మేమూ ఆమెను అడగలేదు.

ఆ అబ్బాయికి మా కృతజ్ఞత మాటల్లో చెప్పలేం. జరిగినదాంట్లో తన ఇష్టానికి విలువ లేకుండా పోయిందని కుమిలిపోతున్న పిల్ల మీద, ప్రేమతోనే అయినా, ఆమెను అడగకుండా మేం మరో నిర్ణయం రుద్దబోయాం. అతను మందలించలేదు. ఆమె ఎప్పుడు ఏం చెబుతుందో వినడానికి సిద్ధంగా ఉన్నామని చెప్పండి చాలు అన్నాడు. నలభై నిమిషాల ఆ కాల్‌లో మావారు మొదటిసారి ఏడ్చారు.

నాలుగున్నర నెలల తర్వాత, జూలైలో, మా అమ్మాయి తనంతట తానే ఫిర్యాదును రెండో రకానికి మార్చుకుంది. అప్పుడు పక్కన నిలబడింది కెప్టెన్ హోదాలో ఉన్న ఒక లాయరుగారు. బాధితుల తరఫున ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చే లాయర్లు వీరు. 2013లో ముందు వైమానిక దళంలో మొదలై, ఆ ఏడాదే మిగతా దళాలకూ విస్తరించిన ఏర్పాటు ఇది. ఆయన సైన్యం జీతం తీసుకుంటూనే సైన్యం తరఫున కాక మా అమ్మాయి తరఫున మాట్లాడారు. దర్యాప్తు అధికారులు ప్రశ్నలు అడిగిన ప్రతిసారీ పక్క కుర్చీలో ఆయన ఉన్నారు. పై అధికారి ఒకరు కెరీర్ గురించి కూడా ఆలోచించుకోమ్మా అని సలహా ఇవ్వబోతే, ఇకపై ఆ విషయం నాతో మాట్లాడండి అని మర్యాదగా ఒక ఉత్తరం రాశారు. ఆ సలహా మళ్ళీ వినబడలేదు. నిందితుడున్న చోట ఉండనక్కర్లేకుండా వేరే బేస్‌కు బదిలీ అడిగే హక్కు ఉందని చెప్పి, దరఖాస్తు పెట్టించిందీ ఆయనే. ఆ రాత్రి ఆమె పుట్టినరోజు పార్టీలో బీరు తాగి ఉంది, వయసు ఇంకా 21 నిండలేదు, అదే నేరం అవుతుందేమోనని తను ఎంత భయపడిందో మాకు చెప్పనేలేదు. ఇలాంటి చిన్న తప్పులకు భయపడి ఫిర్యాదు మానుకోకూడదని, వాటికి శిక్ష వేయకుండా 2021 నుంచి ఒక నియమం ఉందని ఆయన చెప్పాకే ఆ బరువు దిగింది.

నేను ఎన్నడూ చూడని ఒక కుటుంబానికి కూడా ఇక్కడ నమస్కారం పెట్టుకోవాలి. మేం ఉండే టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి రెండున్నర గంటలు కారులో వెళ్తే కిలీన్ వస్తుంది. అక్కడి ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వనెస్సా గియెన్ అనే ఇరవై ఏళ్ళ సైనికురాలిని 2020 ఏప్రిల్ 22న తోటి సైనికుడు చంపేశాడు. తనను లైంగికంగా వేధిస్తున్నారని ఆమె తల్లికి చెప్పుకుంది గానీ, కక్ష కడతారన్న భయంతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయలేకపోయింది. రెండు నెలలకు పైగా ఆచూకీ లేదు. తల్లి గ్లోరియా, అక్కచెల్లెళ్ళు గేటు బయట నిలబడి, ఆ తర్వాత వాషింగ్టన్ దాకా వెళ్ళి పోరాడారు. స్వతంత్ర కమిటీ నివేదిక వచ్చాక ఆ డిసెంబరులో 14 మంది అధికారులు, నాయకులపై వేటు పడింది. ఆమె పేరుతో వచ్చిన చట్టంపై 2021 డిసెంబరులో సంతకం అయింది. లైంగిక నేరాల్లో కోర్టు మార్షల్, అంటే సైనిక కోర్టు విచారణ, పెట్టాలా వద్దా అన్నది అంతకుముందు కమాండర్ చేతిలో ఉండేది. ఇప్పుడు కమాండర్‌కు సంబంధం లేని ప్రత్యేక ప్రాసిక్యూటర్లు తేలుస్తారు. 2023 డిసెంబరు 28 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మా అమ్మాయి విషయం జరిగింది ఆ తేదీ తర్వాత రెండు నెలలకు. అంతకుముందే జరిగి ఉంటే, కెరీర్ గురించి ఆలోచించుకోమన్నవారి పైవాడే ఆ ఫైలు మీద సంతకం పెట్టేవాడు. కిందటి ఏడాది కిలీన్ మీదుగా వెళ్తూ, వనెస్సా పేరు పెట్టిన గేటు దగ్గర్లో కారు ఆపి కాసేపు కూర్చున్నాం. మావారు అద్దం దించి చూశారు. ఎవరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఆడపిల్లను సైన్యానికి ఎందుకు పంపారని మమ్మల్ని అడిగినవారు చాలామంది ఉన్నారు. వారికి నా దగ్గరున్న జవాబు ఒక లెక్క. రక్షణ శాఖ 2023లో చేసిన సర్వే ప్రకారం ఆ ఏడాది దాదాపు 29,000 మంది సైనికులు ఇలాంటి దాడికి గురయ్యారు. వారిలో సగానికి దగ్గరగా మగవాళ్ళే. ఆడవాళ్ళలో చూస్తే నూటికి 6.8 మంది. మగపిల్లలను పంపినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఆ పిల్లలూ ఇంట్లో చెప్పరు. మా అమ్మాయి వెళ్ళే కౌన్సెలింగ్ బృందంలో ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారని విన్నప్పుడు నాకు వాళ్ళ అమ్మలు గుర్తొచ్చారు.

ఆ కౌన్సెలింగ్ ఇస్తున్న వీఏ ఆసుపత్రి, అంటే మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే ఆసుపత్రి, వారికి కూడా ధన్యవాదాలు. సైన్యంలో ఇలాంటి గాయం తగిలిన మాజీ సైనికులకు అక్కడ దానికి సంబంధించిన వైద్యం ఉచితం. సైన్యంలో ఉండగా ఫిర్యాదు చేసి ఉండాలన్న షరతు లేదు, కాగితాలు చూపనక్కర్లేదు. ప్రతి వీఏ ఆసుపత్రిలో దీనికోసమే ఒక కోఆర్డినేటర్ ఉంటారు. అయినా ఆ రాత్రి సంతకం పెట్టిన ఫారం నకలును నేను జాగ్రత్తగా దాచాను. మా అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, మా పౌరసత్వ పత్రాలు, తెనాలి ఇంటి దస్తావేజులు ఉన్న పెట్టెలోనే అదీ ఉంది.

మా అమ్మకు చివరికి చెప్పాం. ఎనభై ఒకటేళ్ళ మనిషి, ఏమంటుందోనని భయపడ్డాను. కాసేపు ఊరుకుని, పిల్ల అన్నం తింటోందా అని అడిగింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం మనవరాలికి ఫోన్ చేస్తూనే ఉంది, ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు. అమ్మకు కూడా నా కృతజ్ఞతలు.

సార్జెంట్‌గారికి ఏదైనా ఇవ్వాలని సున్నుండలు చేసి స్టీలు డబ్బాలో పంపాను. రెండు రోజులకు ఆవిడ నుంచి చాలా మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులు ఒకసారికి ఇరవై డాలర్ల విలువ దాటిన బహుమతి తీసుకోకూడదట, దయచేసి వీటి ఖరీదు ఎంతో చెప్పగలరా అని. సున్నుండలకు ఖరీదు కట్టమని నన్ను ఎవరూ ఎన్నడూ అడగలేదు. మినప్పప్పు, బెల్లం, నెయ్యి లెక్కవేసి పదకొండు డాలర్లు అని రాసి, కింద సంతకం పెట్టి పంపాను. నెల తిరక్కుండా డబ్బా తిరిగి వచ్చింది. శుభ్రంగా తోమి ఉంది, లోపల ఒక చీటీ ఉంది. ఆఫీసులో ఆరుగురం పంచుకున్నాం, ఎలా చేయాలో మీ అమ్మాయిని అడిగాను, మా అమ్మనే అడగండి అంది, అని.